యెహోవా, యహ్వే: అచ్చుల గుర్తులున్నా ఉచ్చారణ మీద వాదం ఎందుకు?

ప్రశ్న (హీబ్రూ_అభ్యాసి):
తెలుగు బైబిల్లో యెహోవా అని ఉంది, వ్యాఖ్యానాల్లో యాహ్వే అంటారు. హీబ్రూలో ఆ పేరుకున్న అక్షరాలు యోద్, హే, వావ్, హే నాలుగూ హల్లులే, ఒప్పుకుంటాను. కానీ 1008 నాటి హీబ్రూ బైబిల్ రాతప్రతి అయిన లెనిన్‌గ్రాడ్ ప్రతిలో ఆ హల్లులకు అచ్చుల గుర్తులు పెట్టే ఉన్నాయి కదా. ఉన్నది ఉన్నట్టు చదివితే సరిపోదా?

జవాబు (పాత_ప్రతులు):
సరిపోదండి. ఆ గుర్తులు ఆ పేరువి కావు. గుర్తులు పెట్టిన యూదు లేఖకులైన మసోరెతులు మూలంలోని హల్లు ఒక్కటీ మార్చరు. పైకి చదవాల్సిన మాట వేరైతే, ఆ మాట అచ్చుల్ని తెచ్చి ఇక్కడి హల్లులకు తగిలిస్తారు. దేవుని పేరు వచ్చినచోట అదోనాయ్, అంటే ప్రభువు, అని చదవాలని ఆనవాయితీ.

మీరే సరిచూసుకోవచ్చు. ఆదికాండము 49:10లో యూదా పేరు ముందు, 18:14లో దేవుని పేరు ముందు ఒకే ఉపసర్గ ఉంది: 'మిన్', అంటే నుండి. రెండు పేర్లూ యోద్-హే-వావ్‌తోనే మొదలవుతాయి. యూదాతో కలిసి అది 'మీహూదా' అయింది. ఆ లెక్కన రెండోది 'మీహోవా' కావాలి. ప్రతిలో మాత్రం 'మే' అని ఉంది. 'మి' కాస్తా 'మే' అయ్యేది ఆలెఫ్ (అదోనాయ్‌లో మొదటి హల్లు) లాంటి కంఠ్యాల, అంటే గొంతులో పలికే హల్లుల, ముందు. అంటే గుర్తు పెట్టినవాడి నోట పలికింది 'మేఅదోనాయ్'.

యెహెజ్కేలులో 'ప్రభువైన యెహోవా' అన్నచోట్లు కూడా చూడండి. అక్కడ ముందే అదోనాయ్ ఉంది, రెండుసార్లు చదవలేరు. అందుకని ఎలోహీమ్, అంటే దేవుడు, అని చదువుతారు, వావ్ కింద 'ఆ' గుర్తు పోయి 'ఇ' గుర్తు వచ్చింది. పేరు సొంత అచ్చులే అయితే పక్క మాటను బట్టి ఇలా మారవు. పైగా మీరు చెప్పిన ప్రతిలోనే చాలాచోట్ల 'ఓ' చుక్క అసలు లేదు.

హీబ్రూ_అభ్యాసి:
'మీహూదా' పోలికతో బాగా అర్థమైంది. మరి యెహోషాపాతు, యెహోషువ పేర్లలో 'యెహో' ఉందిగా? అది అదోనాయ్ నుంచి వచ్చింది కాదు కదా.

జవాబు (శాసన_లిపి):
కాదు, నిజమే. అయితే అది పేరు పొట్టి రూపం, అదీ తర్వాతి కాలపు పలుకుబడి. క్రీ.పూ. 8వ శతాబ్దపు అస్సీరియా శాసనంలో యూదా రాజు ఆహాజు పూర్తి పేరు 'యౌహాజి' అని ఉంది. బాణాకార లిపిలో అచ్చులు కనిపిస్తాయి కాబట్టి ఈ సాక్ష్యానికి విలువెక్కువ. హీబ్రూలో అదే పేరు యెహోయాహాజు. అంటే నేటి 'యెహో' అప్పట్లో 'యహూ'కి దగ్గరగా పలికేది. హిజ్కియాహూ లాంటి పేర్ల చివర ఆ 'యాహూ' ఇప్పటికీ నిలిచే ఉంది.

అందుకే మొదటి అక్షరం 'య' అన్నది గట్టి మాట. చివరి 'వే'కి అంత బలం లేదు. క్రీ.శ. 5వ శతాబ్దంలో క్రైస్తవ బిషప్ థియోడొరెట్, సమరయులు 'ఇయాబె' అంటారని గ్రీకులో రాశాడు. మాట మధ్యలో 'హ' రాయడానికి గ్రీకులో అక్షరం లేదు, గ్రీకు 'బ' అక్షరం బీటా అప్పటికే 'వ'లా పలుకుతోంది. కాబట్టి అది యహ్వేకి సరిపోతుంది. కానీ మృత సముద్రం దగ్గరి కుమ్రాన్‌లో దొరికిన లేవీయకాండము గ్రీకు ప్రతి ముక్కల్లో 'ఇయావో' అని ఉంది, ఈజిప్టులోని ఎలిఫెంటైన్ దీవి యూదుల పత్రాల్లో మూడే అక్షరాలు: యోద్, హే, వావ్. పొట్టి రూపమూ విడిగా వాడుకలో ఉండేదన్నమాట.

పాత_ప్రతులు:
ఒక చిన్న సవరణ. తెలుగులో రాసేటప్పుడు యాహ్వే కాదు, యహ్వే అనండి. పండితులు ఊహించే రూపంలో మొదటి అచ్చు హ్రస్వం. దీర్ఘం ఉన్నది హల్లెలూయాలోని 'యా'కి.