పందుల కాపలాకూ టార్గెట్ షూటింగ్‌కూ ఒకే బోల్ట్ యాక్షన్ రైఫిల్: ఏది తీసుకోమంటారు?

శనక్కాయల రైతు, వింజమూరు వైపు:

అందరికీ నమస్కారం. మాది వింజమూరు దగ్గర పల్లె. ఉద్యోగం నెల్లూరులో, శని ఆదివారాలు ఊళ్ళో సేద్యం. ఆరెకరాలుంది. నాలుగెకరాల్లో శనక్కాయ, మిగతాది కంది. ఈసారి సరిగ్గా కాయ గట్టిపడే టైముకు పందులు దిగాయి. ఒక్క రాత్రిలో అరెకరం పోయింది. తెల్లారి వెళ్ళి చూస్తే మడక దున్నినట్టు మూతులతో తవ్విపోసి ఉన్నాయి, పైన తొక్కలు మాత్రం మిగిల్చాయి. చేను చుట్టూ అమ్మ పాత చీరలన్నీ కట్టాం. రెండు రోజులు ఆగాయి. మూడో రాత్రి ఆ చీరల్ని తొక్కుకుంటూనే వచ్చాయి.

నాన్న పేరు మీద పంట కాపలాకని తీసుకున్న సింగిల్ బ్యారెల్ పన్నెండు బోరు తుపాకీ ఉంది. ఎలక్షన్లు వచ్చినప్పుడల్లా స్టేషన్లో డిపాజిట్ చేయాలి కాబట్టి అది మా ఇంట్లో కంటే అక్కడే ఎక్కువ ఉందేమో అనిపిస్తుంది. నాన్నకు 72. రెన్యువల్ దగ్గర పడింది, నీ పేరుకు మార్పించుకోరా అంటున్నాడు. ఎలాగూ ఆఫీసుల చుట్టూ తిరగాలి కదా, కొత్త బోల్ట్ యాక్షన్ రైఫిల్‌కే (ప్రతి తూటాకీ పక్కనున్న పిడి, అదే బోల్టు, చేత్తో లాగి తోసే రకం) అప్లై చేస్తే పోలా అని నా ఆలోచన. రాత్రి పందులకు, పగలు టార్గెట్ ప్రాక్టీసుకు. వీడియోలు చూసి చూసి ఆ పిచ్చి కూడా పట్టుకుంది.

ఒక దుకాణంలో అడిగితే ".315 తీసుకోండి సార్, దీనికి ఏనుగైనా పడుద్ది" అన్నాడు. నాకు ఏనుగుతో పనిలేదు. తూటా సైజుల్లో .315, .30-06, .22... ఈ మూడిట్లో ఏది? భుజానికి ఆనించే బట్టు చెక్కదా, ప్లాస్టిక్‌దా? స్కోప్ (రైఫిల్ మీద పెట్టే దుర్భిణి) అవసరమా? తెలిసినవాళ్ళు చెప్పండి.

కనిగిరి కుర్రోడు:

అన్నా, రెండో ఆలోచన లేకుండా .315 తీసుకో. మా మేనమామ దగ్గర పాతికేళ్ళుగా ఉంది, ఒక్కసారి కూడా మొరాయించలేదు. పంది విషయం ఊళ్ళో ఎవరు అడుగుతార్లే.

కావలి మాస్టారు:

అబ్బాయ్, ముందు పంది సంగతి తేల్చుకుని తర్వాత రైఫిల్ దగ్గరికి వద్దాం. కనిగిరి తమ్ముడూ, ఊళ్ళో ఎవరూ అడగరు, నిజమే. ఫారెస్టు వాళ్ళు అడిగే రోజున మాత్రం మేనమామ పక్కన నిలబడరు.

తాతల కాలంలో వేటకు లైసెన్సులు ఉండేవి. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది, 1991 సవరణతో ఆ లైసెన్సుల ముచ్చటే ముగిసింది. 2022 సవరణ తర్వాత అడవి పంది రెండో షెడ్యూల్లో, అంటే చట్టం రక్షించే జంతువుల రెండో జాబితాలో ఉంది. పంట పాడు చేస్తోంది కాబట్టి కాల్చాలంటే సెక్షన్ 11 కింద చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ గానీ, ఆయన అధికారం ఇచ్చిన ఆఫీసర్ గానీ రాతపూర్వకంగా ఆర్డర్ ఇవ్వాలి. నీ చేతిలో తుపాకీ లైసెన్సు ఉన్నంత మాత్రాన పందిని కాల్చే హక్కు రాదు. అవి రెండు వేరే ఆఫీసులు, రెండు వేరే కాగితాలు.

ఇక ఆయుధాల చట్టం, 1959. సెక్షన్ 13 చదివితే నీ ప్రశ్నకు సగం జవాబు దొరుకుతుంది. పంట కాపలాకు అక్కడ చెప్పింది మందు కూరి పేల్చే తుపాకీ. ఆత్మరక్షణకో క్రీడకో అయితే మీ నాన్నగారి దగ్గరున్న లాంటి నున్నటి గొట్టం తుపాకీ. రైఫిల్ మాట వచ్చేది ఒక్కచోటే: గుర్తింపు ఉన్న షూటింగ్ క్లబ్బులో సభ్యుడై టార్గెట్ ప్రాక్టీసు చేసేవాడికి .22 రైఫిల్ లేదా ఎయిర్ రైఫిల్. మిగతా ఏది అడిగినా సరైన కారణం ఉందని లైసెన్సు ఇచ్చే అధికారిని నువ్వు ఒప్పించుకోవాలి. అంటే మన దగ్గర "రెండు పనులకు ఒకే రైఫిల్" అనేది దరఖాస్తు దగ్గరే రెండు ముక్కలవుతుంది.

ఇంకో లెక్క. 2019 సవరణతో మనిషికి మూడు తుపాకుల పరిమితి రెండుకు తగ్గింది. క్రీడాకారులకు మినహాయింపులున్నాయి, అది నువ్వు ఆ స్థాయికి చేరాక సంగతి. నాన్నగారి తుపాకీ నీ పేరుకు వచ్చి, ఒక రైఫిల్ కొంటే కోటా అయిపోయినట్టే. కాబట్టి ఆ ఒక్కటి జాగ్రత్తగా ఎంచుకో.

.315 గురించి. అది బెంగాల్ ఇషాపూర్‌లోని ప్రభుత్వ ఆయుధాల ఫ్యాక్టరీ సరుకు. బోల్టు చూస్తే పాత .303 సైనిక రైఫిల్‌కి సొంత తమ్ముడిలా ఉంటుంది. సైన్యం వాడే తూటా జనం దగ్గర ఉండకూడదని తెల్లవాళ్ళ కాలంలో పుట్టించిన సైజు అది. గట్టి సరుకే, కాదనను. కానీ దాంతో గురి నేర్చుకుంటానంటే నేను ఒప్పుకోను. ఎందుకో చెబుతా.

నేను కాలేజీలో ఎన్‌సీసీ చూసేవాణ్ణి. పిల్లల్ని 25 గజాల దూరంలో .22 డీలక్స్ రైఫిల్‌తో పడుకోబెట్టి కాల్పించేవాళ్ళం. మొదటి తూటాకి ప్రతివాడూ కళ్ళు మూసుకుంటాడు. రెండోదానికీ అంతే. .22కి భుజం మీద తోపు ఉండదు, చప్పుడు కూడా టపాకాయంతే. అందుకని నాలుగోదానికో ఐదోదానికో "ఓహ్, ఇంతేనా" అని కళ్ళు తెరుస్తారు. అప్పట్నుంచీ నేర్చుకోవడం మొదలవుతుంది. పెద్ద రైఫిల్‌తో మొదలుపెట్టిన వాళ్ళని చూశాను, ట్రిగ్గర్ నొక్కే ముందే భుజం ముడుచుకుంటుంది. ఆ అలవాటు పదేళ్ళయినా వదలదు.

.22 అంటే పిల్లల ఆట అనుకోవద్దు. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో స్వప్నిల్ కుసాలే కంచు పతకం తెచ్చింది 50 మీటర్ల రైఫిల్ త్రీ పొజిషన్స్‌లో. అది .22 పోటీయే. మోకాలి మీద, పడుకుని, నిలబడి కాల్చాలి. ఆ టార్గెట్‌లో పది మార్కుల వలయం అడ్డం 10.4 మిల్లీమీటర్లు. నీ చేలో కాయ వలిస్తే వచ్చే పప్పంత. యాభై మీటర్ల నుంచి దాన్ని కొట్టాలి.

ఒక మాట మాత్రం గట్టిగా చెబుతున్నా. .22తో పందిని కొడదామని మనసులో కూడా అనుకోవద్దు. అది చావదు, గాయంతో పరిగెత్తుతుంది, ఎదురొస్తే మనిషిని చీలుస్తుంది. తప్పిన తూటా మైలు దాటి పోతుంది. మీ వైపు పగలైతే గొర్రెల కాపర్లు, రాత్రయితే చేలల్లో మంచెల మీద మనుషులు.

ఉదయగిరి టు డల్లాస్:

మాస్టారు చెప్పింది అక్షరాలా నిజం. ఇక్కడ చట్టం వేరైనా నేను కూడా అదే గోతిలో పడ్డాను.

టెక్సాస్‌లో అడవి పందులు మన ఉదయగిరి కొండ కింద కంటే ఎక్కువ. ప్రైవేటు భూమిలో యజమాని ఒప్పుకుంటే 2019 నుంచి పంది వేటకు లైసెన్సు కూడా అక్కర్లేదు. నేను మొదలుపెట్టినప్పుడు హెచ్1 వీసా మీద ఉన్నాను. ఆ వీసాతో తుపాకీ దగ్గర పెట్టుకోవడమే నేరం, వేట లైసెన్సు ఉంటే తప్ప. అందుకని నేను ముందు లైసెన్సు కొని తర్వాత రైఫిల్ కొన్నాను. మనవాళ్ళు చాలామందికి ఇది తెలియదు, స్నేహితుడి తుపాకీ పట్టుకుని ఫొటోలు పెడుతుంటారు.

నేను కూడా "రెండిటికీ ఒకటే" అనుకుని టిక్కా కంపెనీ .308 రైఫిల్ తీసుకున్నా. మూడు కేజీల లోపు, చేతిలో బంగారం. పందులకు బ్రహ్మాండం. రేంజ్‌కి తీసుకెళ్ళి కాగితం మీద కాలిస్తే మొదటి మూడు తూటాలు రూపాయి బిళ్ళ కింద దాగుతాయి. ఏడో తూటాకి గొట్టం పెనంలా కాలిపోయి అరచేతి వెడల్పున చెదురుతాయి. సన్న గొట్టం కదా, దాని తప్పు లేదు. మొదటి ఒకటి రెండు తూటాలకోసం చేసిన వస్తువది. సరే అని లావు గొట్టం రైఫిల్ ఒకటి కొన్నా. స్కోప్‌తో కలిపి ఐదు కేజీల పైన. కాగితం మీద ఇరవై తూటాలైనా ఒకేచోట. ఒక్కసారి దాన్ని మోసుకుని అర మైలు నడిచా, ఇంక జన్మలో అడవికి తీసుకుపోలేదు.

చివరికి రెండు రైఫిళ్ళు, ఇంట్లో రెండు నెలలు మాటల్లేవు. .30-06 కూడా ఫ్రెండ్‌ది కాల్చి చూశా. 1906లో పుట్టిన తూటా, ఇప్పటికీ తిరుగులేదు. కానీ మర్నాడు తల దువ్వుకోవడానికి కుడి చెయ్యి లేవలేదు.

గిద్దలూరు బత్తాయి:

పందుల గురించే అయితే తుపాకీ డబ్బులు సోలార్ ఫెన్సింగ్‌కి పెట్టు తమ్ముడూ. మేము తోట చుట్టూ వేసుకున్నాం. కింది తీగ జానెడు ఎత్తులో ఉండాలి, లేకపోతే మూతితో ఎత్తి దూరిపోతాయి. తీగ కింద గడ్డి వారం వారం కొట్టాలి, గడ్డి తగిలితే షాక్ దిగిపోతుంది. దయచేసి మెయిన్ లైను కరెంటు మాత్రం తీగలకు పెట్టొద్దు. మా పక్క ఊళ్ళో అట్లా పెట్టినవాడే తెల్లవారుజామున మర్చిపోయి తగులుకున్నాడు.

శనక్కాయల రైతు, వింజమూరు వైపు:

అందరికీ చాలా థ్యాంక్స్. నిజం చెప్పాలంటే చదువుతుంటే కొంచెం నీరసం వచ్చింది, తర్వాత ఊరటగా కూడా ఉంది. పందులకు ఫెన్సింగే. నాన్న తుపాకీ నా పేరుకు మార్పించుకుంటా. రైఫిల్ మాత్రం వదల్లేను మాస్టారూ, .22కే పోతాను. క్లబ్బు, లైసెన్సు తేలేలోపు ఏం చేయమంటారు? కొనేటప్పుడు ఏం చూసుకోవాలి?

కావలి మాస్టారు:

ఈలోపు ఒక ఎయిర్ రైఫిల్ కొనుక్కో. .177 సైజు, 20 జౌళ్ళ లోపు శక్తి ఉన్నదానికి లైసెన్సు అక్కర్లేదు, గుర్తింపు కార్డు చూపిస్తే చాలు. మీ ఇంటి వసారా పది మీటర్లు ఉంటే అదే రేంజ్. వెనక గోడకి మట్టి నింపిన పెట్టె పెట్టు. ఆ వైపు తలుపు ఉంటే గడియ వేసి కాల్చు. పిట్టల జోలికి పోవద్దు. అభినవ్ బింద్రా 2008లో బంగారు పతకం కొట్టింది ఈ పది మీటర్ల ఎయిర్ రైఫిల్‌తోనే.

.22 కొనే రోజున దుకాణంలో సిగ్గుపడకు. ముందు బోల్టు తీసెయ్యమను. గొట్టాన్ని వెనక నుంచి వెలుతురు వైపు పెట్టి చూడు. లోపల మెలికలు చివరిదాకా శుభ్రంగా, ఒకే మెరుపుతో కనిపించాలి. మధ్యలో నీడలాంటి ఉంగరం కనిపిస్తే వదిలెయ్. తర్వాత జేబులోంచి పది రూపాయల నోటు తీసి గొట్టానికీ కింద చెక్కకూ మధ్య దూర్చి వెనక్కి లాగు. గొట్టం చెక్కకు తగలకుండా బిగించిన రకమైతే నోటు సాఫీగా పోతుంది. ఒకచోట పట్టేసిందంటే వానాకాలం చెక్క ఉబ్బినప్పుడు గురి మారుతుంది. దుకాణంవాడు విసుక్కుంటాడు, విసుక్కోనీ.

ట్రిగ్గర్ అక్కడే టకటకా నొక్కి చూడొద్దు. చాలా .22లలో ఖాళీగా నొక్కితే పిన్ను వెళ్ళి ఛాంబర్ (తూటా కూర్చునే చోటు) అంచుకు కొట్టుకుంటుంది. డమ్మీ తూటా అడుగు. చెక్కా ప్లాస్టిక్కా అని పెద్దగా ఆలోచించకు. చెంప ఆనించి కళ్ళు మూసుకుని, తెరిచినప్పుడు సైట్లు (గొట్టం మీది గురి గుర్తులు) కంటి ఎదురుగా ఉన్నాయా లేదా, అదే చూడు. మెడ సాగదీయాల్సి వస్తే ఎంత ఖరీదైనదీ వద్దు. స్కోప్ ఇప్పుడే వద్దు, ఇనప సైట్లతో ఒక ఏడాది గడుపు.

కొన్నాక రెక్సిన్ కవర్లో దాచొద్దు. నేను ఒక తుఫాను వారం అట్లా పెట్టి మర్చిపోయాను. సముద్రం గాలి కదా మాది. తీసి చూస్తే గొట్టం మీద తుప్పు, అదీ నాలుగు వేళ్ళ ఆకారంలో. నా చెమట చేతి గుర్తే. ఇప్పటికీ పోలేదు, ఎవరొచ్చినా చూపిస్తుంటా. కాల్చిన రోజునే నూనె గుడ్డతో తుడవాలి.

నేను సభ్యుడిగా ఉన్న క్లబ్బు చెన్నైలో. రైఫిల్‌తో రాష్ట్రం దాటాలంటే లైసెన్సు అక్కడ కూడా చెల్లాలి, దరఖాస్తులోనే అడుగు.

అన్నిటికంటే ముందు ఒక పని చెయ్. రెండు చేతులు చాచి, వేళ్ళ మధ్య చిన్న సందు చేసి, అందులోంచి గోడ గడియారం చూడు. ఒక కన్ను మూయి, తర్వాత ఇంకోటి. ఏ కన్ను తెరిచి ఉంచితే గడియారం సందులోనే ఉంటుందో అదే నీ గురి కన్ను, మామూలుగా ఆ వైపు భుజం మీదే రైఫిల్ పెట్టేది. చూసి చెప్పు.

శనక్కాయల రైతు, వింజమూరు వైపు:

మాస్టారూ, మూడుసార్లు చూశా. ఎడమ కన్ను. నేనేమో అన్నం నుంచి అన్నీ కుడిచేత్తోనే. నాన్నను కూడా చూడమంటే ఆయనదీ ఎడమే వచ్చింది! ముప్పై ఏళ్ళుగా కుడి భుజం మీద పెట్టి కాలుస్తున్నాడు. "అందుకేనేమో రా ఒక్క పంది కూడా తగల్లేదు" అని ఒకటే నవ్వు.

కావలి మాస్టారు:

తగలకపోవడమే మంచిదైంది. ఇంక దుకాణానికి పోవద్దు, బోల్టు ఏ పక్కన ఉన్నది కొనాలో అక్కడ తేలదు. వచ్చే నెల రెండో శనివారం నేను పినాకిని ఎక్స్‌ప్రెస్‌లో చెన్నై పోతున్నా, నెల్లూరులో ఎక్కు. క్లబ్బులో ఎడమచేతి రైఫిల్ ఒకటుంది. రెండు భుజాల మీదా పెట్టి చూద్దాం. ఇంటి శనక్కాయలు ఏమైనా మిగిలుంటే ఒక కేజీ తీసుకురా.