టర్నౌట్‌ని తెలుగులో ఏమనాలి?

అందరికీ నమస్కారం. నేను అనువాదాలు చేస్తుంటాను. ఒక్క మాట దగ్గర రెండు రోజులుగా ఆగిపోయాను. చేతిలో ఉన్నది ఎన్నికల మీద ఇంగ్లిష్ వ్యాసం. అందులో టర్నౌట్ అనే మాట పదకొండు సార్లు వచ్చింది. కొన్ని చోట్ల ఓటేసినవాళ్ల గురించి, కొన్ని చోట్ల ప్రచార సభలకు వచ్చిన జనం గురించి. మొదటి రకానికి "ఓటింగ్ శాతం" అని, రెండో రకానికి "హాజరు" అని పెట్టుకుంటూ పోయాను. తీరా చదివి చూసుకుంటే రెండూ కుదరలేదు. "ఓటింగ్ శాతం పెరిగితే ఎవరికి లాభం?" అన్న వాక్యం చూసి మా అన్నయ్య "ఏ పార్టీ ఓటింగ్ శాతం?" అని అడిగాడు. "సభకు భారీ హాజరు" అన్నది చదివితే నాకే బడిలో పేర్లు పిలుస్తున్నట్టు అనిపించింది. ఇంగ్లిష్‌లో ఒక్క మాట రెండు చోట్లా ఇమిడిపోతుంటే మనకెందుకు కుదరడం లేదు? టర్నౌట్ అనే ఉంచేస్తే తప్పా? వారం లోపల పని ఇచ్చేయాలి, టెన్షన్‌గా ఉంది.

—

అమ్మా, మీ అన్నయ్య సరైన చోట పట్టుకున్నాడు. ముందు ఆ సంగతి చూద్దాం.

"ఓటింగ్ శాతం" అన్న మాట చేత మనం రెండు పనులు చేయిస్తున్నాం. జాబితాలో ఉన్న వందమందిలో ఎంతమంది ఓటేశారన్నది ఒకటి. పడిన వంద ఓట్లలో ఒక పార్టీకి ఎన్ని వచ్చాయన్నది ఇంకొకటి. టీవీ చర్చల్లో ఒకే మనిషి ఒకే నిమిషంలో రెండు అర్థాల్లోనూ వాడేస్తుంటారు. మొదటిదానికి "పోలింగ్ శాతం", రెండోదానికి "ఓట్ల శాతం" లేదా "ఓట్ల వాటా" అని పెట్టుకుని, వ్యాసం పొడవునా అదే పాటించండి. 2024 మే 13న ఆంధ్రప్రదేశ్‌లో పోలింగ్ 81.86 శాతం అని రాస్తే ఎవరికీ అనుమానం రాదు. అక్కడే "81.86 శాతం ఓట్లు" అని రాస్తే ఎవరో ఊడ్చేశారనుకుంటారు.

ఇంకో చిక్కు కూడా ఉంది. నేను బడిపంతులుగా ఉన్న రోజుల్లో కొన్ని ఎన్నికలకు ప్రిసైడింగ్ ఆఫీసరుగా, అంటే ఒక పోలింగ్ బూత్ బాధ్యుడిగా వెళ్లాను. పోలింగ్ ముగిశాక 17సి అని ఒక ఫారం నింపాలి. ఆ బూత్‌కి కేటాయించిన ఓటర్లు ఎందరు అన్నది ముందు గడి. ఓటేయడానికి వచ్చినవాళ్ల వివరాలు రాసి సంతకం తీసుకునే 17ఎ రిజిస్టరులో ఎక్కినవాళ్లు ఎందరు అన్నది తర్వాత. రిజిస్టరులో ఎక్కి కూడా ఓటు వెయ్యనన్నవాళ్లు ఎందరు అన్నది మళ్లీ వేరే గడి. ఆ కింద, యంత్రం చూపించిన ఓట్ల సంఖ్య. ఈ లెక్కలన్నీ ఒకదానితో ఒకటి సరిపోయేదాకా మేం అక్కడి నుంచి కదలకూడదు.

ఒకసారి ఒక పెద్దాయన వచ్చారు. జాబితాలో పేరు చూపించారు, వేలికి సిరా వేయించుకున్నారు, రిజిస్టరులో సంతకం పెట్టారు. యంత్రం వైపు రెండడుగులు వేసి ఆగిపోయారు. "వద్దండీ, నేను వెయ్యను" అన్నారు. కారణం చెప్పలేదు, మేం అడగలేదు. ఎన్నికల నిర్వహణ నిబంధనల్లో 49-ఓ అన్నది ఇలాంటి మనిషి కోసమే ఉంది. ఆయన పేరుకెదురుగా ఆ సంగతి రాసి, దాని కింద ఆయన చేతే మళ్లీ సంతకం చేయించాను. ఆయన బూత్‌కి వచ్చిన మాట నిజం. ఓటు మాత్రం పోలు కాలేదు. ఆ రాత్రి లెక్క సరిచూసుకుంటుంటే రిజిస్టరుకీ యంత్రానికీ ఒక్క అంకె తేడా. ఆ ఒక్కటీ ఆయనే.

ఇంగ్లిష్ టర్నౌట్ మనుషులను లెక్కపెట్టే మాట. మన "పోలైన ఓట్లు" ఓట్లను లెక్కపెట్టే మాట. అసెంబ్లీకీ లోక్‌సభకీ ఒకే రోజు పోలింగ్ జరిగితే మనిషి ఒకరే, పడే ఓట్లు రెండు. అందుకని శాతం చెప్పేచోట "పోలింగ్ శాతం" అనండి, మనుషుల సంఖ్య చెప్పేచోట "ఓటేసినవాళ్లు" అనండి. "ఓటర్లు" అని మాత్రం అక్కడ రాయొద్దు. మనకు జాబితాలో పేరున్న ప్రతివాళ్లూ ఓటర్లే, ఇంట్లో కూర్చున్నవాళ్లతో సహా.

సభల సంగతి పెద్దది, తీరిగ్గా రాస్తాను.

—

మాస్టారూ, పోలింగ్ కూడా ఇంగ్లిషే కదండీ. ఒక ఇంగ్లిష్ మాట తీసి ఇంకో ఇంగ్లిష్ మాట పెట్టడం ఏం అనువాదం? హిందీవాళ్లు మతదాన్ అంటున్నారు, తమిళులు వాక్కుప్పదివు అంటున్నారు. మనం "ఓటు వినియోగ శాతం" అనకూడదా? "ఓటు హక్కు వినియోగించుకున్నారు" అని రోజూ రాస్తూనే ఉన్నాం.

—

అనొచ్చు బాబూ, తప్పేమీ లేదు. నిండు వాక్యంలో "ఓటు హక్కు వినియోగించుకున్నారు" అంటే గౌరవంగానే ఉంటుంది. శాతం దగ్గరికి వచ్చేసరికి "వినియోగ శాతం" అంటే కరెంటు బిల్లు గుర్తొస్తోంది నాకు. మతదానం అన్నది మనకు బొత్తిగా కుదరదు. సంస్కృతంలో మతం అంటే అభిప్రాయం, ఆ అర్థం మన "అభిమతం", "సమ్మతం" లాంటి మాటల్లో మిగిలింది. విడిగా మతం అంటే మాత్రం తెలుగువాడికి గుడి, మసీదు, చర్చి తట్టాల్సిందే. తమిళుల మాటకు ఓటు నమోదు అని అర్థం. చాలా మంచి మాట. అలాంటిదొకటి మనమూ మొదట్లోనే చేసుకుని ఉంటే బాగుండేదని నాకూ ఉంది.

కానీ పోలింగ్‌ని పరాయిదనడానికి నాకు మనసొప్పదు. దాన్నుంచి మనం క్రియ కూడా పుట్టించుకున్నాం. "ఓట్లు పోలయ్యాయి" అని ఏ ఊళ్లో ఎవరినడిగినా అంటారు. ఇంగ్లిష్ "పోల్"కి మన "అవు" తగిలించి, దానికి "పోలైన", "పోలవలేదు", "పోలవుతాయి" అని రూపాలన్నీ వేసుకున్నాం. పక్కనే "పోలిన" అని మన సొంత మాట ఉంది, ఒకలాగే కనిపించే అని అర్థం. రెంటికీ ఒక్క గుణింతం తేడా. అయినా తికమకపడ్డ మనిషిని నేను చూడలేదు. వేరే భాష మాట మన విభక్తులు, మన క్రియలు తొడుక్కుని ఇన్నేళ్లు తిరిగాక దాన్ని గుమ్మం బయట నిలబెట్టడం న్యాయం కాదు. టర్నౌట్‌కి ఆ యోగం పట్టలేదు. "టర్నౌటయ్యారు" అని ఎవరైనా అనగా విన్నామా? రాయడంలోనే ఇంకా కుదురు లేదు, ఒకరు టర్నౌట్, ఒకరు టర్నవుట్, ఒకరు టర్న్ అవుట్.

—

గురువుగారూ, మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. టర్నౌట్ అంటే నాకు ఎన్నికలు గుర్తురావు. కాలేజీలో మూడేళ్లు ఎన్‌సీసీలో ఉన్నాను. అక్కడ టర్నౌట్ అంటే వేసుకున్న యూనిఫాం తీరు. పెరేడ్‌కి ముందురోజు రాత్రి గంజి పెట్టిన చొక్కా చేతులకు మడత కత్తిలా నిలిచేదాకా ఇస్త్రీ చేసేవాళ్లం. బెల్టు ఇత్తడి బకిల్‌ని ముఖం కనిపించేదాకా తోమేవాళ్లం. తెల్లారి వరసలో నిలబడితే పైనుంచి కింది దాకా చూసి "టర్నౌట్ బాగుంది" అనేవారు. ఆ ఒక్క మాట కోసం రాత్రి నిద్ర మానుకున్న రోజులున్నాయి.

మా నాన్నగారు రైల్వేలో పట్టాల పని చేసేవారు. ఆయన నోట టర్నౌట్ అంటే బండి ఒక లైను నుంచి పక్క లైనుకు మళ్లే చోటు. "వన్ ఇన్ ట్వెల్వ్ టర్నౌట్" అనేవారు. పన్నెండుకు ఒకటి చొప్పున పక్కకు విడిపోయే కోణమన్నమాట. ఈ రెండు చోట్లా దీన్ని మార్చమంటే మాత్రం నేను ఒప్పుకోను. ఓట్లకీ, ఇస్త్రీకీ, పట్టాలకీ ఒకే మాట ఎలా వచ్చిందో చెప్తారా?

—

చెప్తాను. మీ రెండు చోట్లా దాన్ని అలాగే ఉండనివ్వాలి, ఆ పని చేసేవాళ్ల నోట స్థిరపడిన మాట అది.

విడదీస్తే "టర్న్" అంటే మళ్లడం, "అవుట్" అంటే బయటికి. పట్టాల దగ్గర ఆ అర్థం కళ్లకు కనిపిస్తూనే ఉంది, బండి ఉన్న దారి లోంచి బయటికి మళ్లుతుంది. మనుషులకు వస్తే, ఉన్నచోటు విడిచి బయటికి రావడం. సైనికులు పిలుపు రాగానే తయారై బయటికి వచ్చి నిలబడాలి. ఎలా తయారై వచ్చారన్నది మీ ఎన్‌సీసీ అర్థం. ఇంకో అర్థం ఇప్పుడు వాడుకలో లేదు, నాకు అన్నిటికన్నా ఇష్టమైనది అదే. 19వ శతాబ్దంలో మిల్లు కార్మికుల సమ్మెను టర్నౌట్ అనేవారు. 1834లో అమెరికాలోని లోవెల్ పట్టణంలో బట్టల మిల్లుల్లో కూలి తగ్గిస్తామంటే అక్కడ పనిచేసే అమ్మాయిలు మగ్గాలు వదిలి బయటికి నడిచారు. దాన్ని టర్నౌట్ అనే పిలిచారు.

ఇలా చూస్తే ఈ మాట ప్రాణం ఎక్కడుందో తెలుస్తుంది. మనిషి తన కాళ్లతో తాను కదిలి రావడం. హాజరులో ఆ ప్రాణం లేదు. హాజరు అంటే రావాల్సినవాడు రావడం. దానికి ముందే ఒక పట్టీ ఉంటుంది, రాకపోతే గైర్హాజరు పడుతుంది. బడికి, కోర్టుకి, పరీక్షకి, శాసనసభకి హాజరు సరిపోతుంది. సభకు పట్టీ ఎక్కడిది? అందుకే మీకు పేర్లు పిలుస్తున్నట్టు అనిపించింది అమ్మా, మీ చెవి మంచిది. సభకు శాతం కూడా ఉండదు. ఓట్లకు శాతం కట్టగలుగుతున్నామంటే ఓటర్ల జాబితా ఉండబట్టే.

ఓటు దగ్గర కూడా, తప్పనిసరి అయిన చోట ఆ లెక్క హాజరు వైపు జరుగుతుంది. ఆస్ట్రేలియాలో 1922లో పోలింగ్ 60 శాతం కూడా లేదు. ఓటు తప్పనిసరి చేస్తూ 1924లో చట్టం తెచ్చారు. 1925లో 90 దాటింది. వాళ్లు దాన్నీ టర్నౌట్ అనే అంటారు. మన దగ్గర అలాంటి చట్టం లేదు. 2024 లోక్‌సభ ఎన్నికల్లో పోలింగ్ యంత్రాల లెక్క ప్రకారం నమోదైన 65.79 శాతమూ ఎవరికి వాళ్లు కదిలి వచ్చినదే.

ఇక సభలకు వద్దాం. ఇక్కడ నామవాచకం కోసం వెతకడం మానేయండి. ఇంగ్లిష్‌వాళ్లు ఒక పేరు పెట్టి దాని ముందు "గుడ్", "పూర్", "హ్యూజ్" చేరుస్తారు. తెలుగులో ఆ పని క్రియ చేస్తుంది. జనం తరలివచ్చారు. పోటెత్తారు. వెల్లువెత్తారు. బారులు తీరారు. కిక్కిరిసిపోయారు. ఇసుక వేస్తే రాలనంత జనం. తక్కువైతే, జనం పలచగా ఉన్నారు, సభ వెలవెలబోయింది, అంతంతమాత్రంగా వచ్చారు. వీటిలో ఏ రెండూ ఒకటి కావు. పోటెత్తడంలో సముద్రం పోటు ఉంది, ఒక్కసారిగా పైకి లేచే ఊపు. బారులు తీరడంలో ఓపిక ఉంది, నిలబడి ఎదురుచూడడం ఉంది. కాబట్టి "బారులు తీరారు" పోలింగ్ బూత్‌కి తగినట్టు సభకు తగదు.

అన్నిటికన్నా ముఖ్యమైనది చెప్పాలి. "జనం తరలివచ్చారు" అన్న మాటను కొంచెం మార్చి చూడండి. "జనాన్ని తరలించారు." మొదటిదానిలో కర్త జనం, రెండోదానిలో కర్త ఇంకెవరో. కోపం వచ్చినవాడు "లారీల్లో జనాన్ని తోలారు" అంటాడు, పశువులను తోలినట్టు. ఇంగ్లిష్ టర్నౌట్ ఈ మూడింటినీ ఒకే మూటలో కట్టేస్తుంది, లోపల ఏముందో చెప్పదు. మన వ్యాకరణం చెప్పి తీరుతుంది. మీ వ్యాసంలో "హ్యూజ్ టర్నౌట్" అన్న ప్రతిచోటా ఆగి, వాళ్లు వచ్చారా, తెచ్చారా అని మూలంలో చూసుకోండి. అక్కడ తేలకపోతే "జనం భారీగా కనిపించారు" అని రాయండి. మనకు తెలియనిది పాఠకుడి నెత్తిన పెట్టకూడదు.

ఒక జాగ్రత్త. "టర్న్‌డ్ అవుట్ టు బి" అని క్రియగా వస్తే అది పూర్తిగా వేరు, అక్కడ "తేలింది" అనాలి. టర్నోవర్ అయితే వ్యాపారం లెక్క. తొందరలో ఈ మూడూ కలిసిపోయిన అనువాదాలు చూశాను.

చివరిగా నాకెప్పుడూ గుర్తుండేది ఒకటి. పోలింగ్ గడువు ముగిసే సమయానికి క్యూలో ఎంతమంది ఉంటే అంతమందికీ ఓటు హక్కు ఉంటుంది. వాళ్లకు సంతకం చేసిన చీటీలు ఇస్తాం, అదీ వరసలో చివర నిలబడ్డవాళ్ల దగ్గర మొదలుపెట్టి ముందుకు. కొత్తవాళ్లు వెనక చేరకుండా అలా చేస్తాం. ఒక ఏడాది ఆ చివరి మనిషి కూలి పని నుంచి నేరుగా వచ్చిన ఒక తల్లి. చేతులకు సిమెంటు ఇంకా ఆరలేదు. మొదటి చీటీ ఆమె చేతికే ఇచ్చాను, ఓటేసినవాళ్లలో చివరి మనిషీ ఆమే. రాత్రి ఎనిమిదయింది. 17ఎలో ఆమెదే ఆఖరి వరుస.

—

మాస్టారూ, అందరికీ ధన్యవాదాలు. పదకొండు చోట్లా మళ్లీ చూశాను. ఆరింటిలో "పోలింగ్ శాతం" పెట్టాను. ఒకచోట మనుషుల సంఖ్య ఉంటే "ఓటేసినవాళ్లు" అన్నాను. ఒకటి "తేలింది" అని బయటపడింది, నేను దాన్నీ "హాజరు" అని రాసి ఉన్నాను! మిగతా మూడూ సభలవి. రెండింటిలో మూలంలోనే బస్సుల ప్రస్తావన ఉంది, కాబట్టి "తరలించారు" అని రాశాను. మూడోది ఒక చిన్న ఊళ్లో వానలో జరిగిన సభ. "వాన పడుతున్నా జనం కదిలి వచ్చారు" అని రాసి మా అన్నయ్యకు చూపించాను. ఈసారి ఏమీ అడగకుండా తర్వాతి పేజీ తిప్పాడు.