8 నెలల పాపతో గాల్వెస్టన్ నుంచి క్రూయిజ్: వెళ్ళొచ్చా, వద్దా?

ఫ్రిస్కో_అమ్మ:
అందరికీ నమస్తే. మార్చిలో స్ప్రింగ్ బ్రేక్ నాటికి మా పాపకి 8 నెలలు నిండుతాయి. టెక్సస్‌లోని గాల్వెస్టన్ రేవు నుంచి ఐదు రాత్రుల క్రూయిజ్ ఒకటి చూశాం, మెక్సికోలోని కోజుమెల్, కోస్టా మాయా వెళ్ళి వస్తుంది. మా అత్తగారు, మామగారు విజిటర్ వీసా మీద ఇక్కడే ఉన్నారు, వాళ్ళూ వస్తారు. పాప పుట్టాక మేం ఇల్లు కదిలింది లేదు. పిల్లల డాక్టరు వెళ్ళొచ్చన్నారు. మా అమ్మ మాత్రం గుంటూరు నుంచి ఫోన్ చేసినప్పుడల్లా "చంటిపిల్లని సముద్రం మీదికి తీసుకెళ్తారా" అని ఒకటే గోల. చంటిపిల్లలతో వెళ్ళొచ్చినవాళ్ళు ఉంటే చెప్పండి. తిండి గురించీ జబ్బుల గురించీ నా టెన్షన్.

హ్యూస్టన్_హరివిల్లు:
నిశ్చింతగా వెళ్ళండి. చాలా కంపెనీలు 6 నెలలు నిండిన పిల్లల్ని ఎక్కనిస్తాయి. వరసగా మూడు రోజులో అంతకన్నా ఎక్కువో రేవు తగలకుండా సముద్రంలోనే ఉండే ట్రిప్పులకి ఏడాది నిండాలంటారు, మీది అలాంటిది కాదు. పిల్లని కార్ సీట్లో కట్టేసి పొద్దంతా డ్రైవ్ చేసే వెకేషన్ కంటే ఇది వెయ్యి రెట్లు నయం. సూట్‌కేసు ఒక్కసారి విప్పితే మళ్ళీ దిగేటప్పుడే సర్దడం. పడుకోబెట్టడానికి తొట్టి కావాలని బుకింగ్ అప్పుడే చెప్పండి, రూములో వేసి ఉంచుతారు. ఓడ ఊగుతుందని భయం అక్కర్లేదు. రెండేళ్ళలోపు పిల్లలకి మోషన్ సిక్‌నెస్ చాలా అరుదు, రెండు నుంచి పన్నెండేళ్ళ వాళ్ళకే ఎక్కువ. మా చిన్నోడు హాయిగా నిద్రపోయాడు, వాంతులు చేసుకున్నది మా ఆయన.

కోనసీమ_కుర్రాడు:
నీళ్ళ మీద ప్రయాణాలంటే నాకు భయమండీ. 2019లో కచ్చులూరు దగ్గర బోటు మునిగి ఏం జరిగిందో మర్చిపోయారా?

హ్యూస్టన్_హరివిల్లు:
తమ్ముడూ, గోదావరిలో వరద రోజున వెళ్ళిన టూరిస్టు బోటుకీ, వేలమందిని మోసే ఓడకీ పోలికేంటి? ఎక్కిన రోజే సేఫ్టీ డ్రిల్ చేయించి, చంటిపిల్లలకి కూడా సైజుకి తగిన లైఫ్ జాకెట్ ఇస్తారు.

ముక్కుసూటి_మావయ్య:
అమ్మా, హరివిల్లు గారు అన్నీ గులాబీ రంగులోనే చూపిస్తున్నారు. అసలు సంగతి నేను చెబుతాను. 8 నెలల పిల్ల ఏం తింటుంది? ఉగ్గు, మెత్తగా పిసికిన పప్పన్నం. అవి ఎక్కడ వండుతారు? రైస్ కుక్కర్, కెటిల్, ఇండక్షన్ స్టవ్, వేడెక్కే వస్తువు ఏదీ లోపలికి రానివ్వరు. మా బావమరిది బుల్లి కుక్కర్ పట్టుకెళ్తే బ్యాగు స్కానింగులో దొరికింది. దానికి ట్యాగ్ కట్టి పక్కన పెట్టి, దిగే రోజు చేతిలో పెట్టారు. ఇంట్లో వండినవీ తేవద్దంటారు. పాలపొడి, సీల్ తియ్యని బేబీ ఫుడ్ డబ్బాలు మాత్రమే ఓకే. రూములో మైక్రోవేవ్ కూడా ఉండదు. వాడు డబ్బులు పోసి మరీ ఐదు రోజులు పిల్లాడికి అరటిపండు పెట్టాడు.

ఇంకోటి. ఓడ మీద డాక్టరు చూస్తే ఆ బిల్లు మీ ఖాతాలో పడుతుంది. ఇక్కడి హెల్త్ ఇన్సూరెన్స్ అక్కడ నేరుగా చెల్లదు, మీరు కట్టి తర్వాత క్లెయిమ్ చేసుకోవాలి. మీ అత్తమామల విజిటర్ ఇన్సూరెన్స్ మెక్సికోలో పనిచేస్తుందో లేదో చూశారా?

హ్యూస్టన్_హరివిల్లు:
మావయ్య గారూ, అరటిపండుతో ఐదు రోజులు గడిపితే తప్పు ఓడది కాదు, మీ బావమరిదిది. బఫేలో తెల్లన్నం, ఉడికించిన కూరగాయలు, పెరుగు రోజూ ఉంటాయి. వెయిటర్‌ని అడిగితే ఉప్పూ కారం లేకుండా మెత్తగా చేయించి తెస్తారు. ఉగ్గుపొడి మేం జిప్‌లాక్ కవర్లో డైపర్ బ్యాగులో పెట్టుకెళ్ళాం, ఎవరూ అడగలేదు. టీ కోసం పెట్టే వేడినీళ్ళు స్టీలు ఫ్లాస్కులో పట్టుకొచ్చేదాన్ని. రెండు చెంచాల పొడిని ముందు చల్లనీళ్ళతో చిక్కగా కలిపి, ఆ తర్వాత వేడినీళ్ళు పోయాలి. నేరుగా పోస్తే ఉండ కడుతుంది.

ముక్కుసూటి_మావయ్య:
అడగలేదంటే రూలు లేదని కాదు. పైగా బియ్యం, పెసరపప్పు దోరగా వేయించి పట్టించిన పొడి వేడినీళ్ళు పోస్తే ఉడుకుతుందా? మా అమ్మ దాన్ని పొయ్యి మీద పావుగంట తిప్పేది. చంటిపిల్లకి పచ్చిపిండి పెట్టమని సలహా ఇస్తున్నారా మీరు?

హ్యూస్టన్_హరివిల్లు:
పచ్చిపిండి కాదు, వేయించిన పిండి. ఫ్లాస్కులో మూత పెట్టి ఉంచితే మగ్గుతుంది. మా వాడు ఇప్పుడు సాకర్ ఆడుతున్నాడు.

ముక్కుసూటి_మావయ్య:
సాకర్ ఆడితే ఉగ్గు ఉడికినట్టా?

లైన్లో_ఉన్నా:
పాప్‌కార్న్ తెచ్చుకుంటా.

నైట్‌షిఫ్ట్_నర్సు:
ఉగ్గు పక్కన పెట్టండి. మార్కెట్లో దొరికే సీల్ ఉన్న బేబీ సిరియల్ ముందే ఉడికించి ఆరబెట్టింది, గోరువెచ్చని నీళ్ళలో కలిపితే చాలు.

ఫ్రిస్కో గారూ, ముందు మీజిల్స్ (తట్టు) సంగతి చూసుకోండి. 2025లో మన వెస్ట్ టెక్సస్‌లోనే 762 కేసులు వచ్చాయి. ఇండియాలో మీజిల్స్ మొదటి టీకా 9 నెలలకి వేస్తారు, ఇక్కడ ఎమ్ఎమ్ఆర్ (మీజిల్స్, గవదబిళ్ళలు, రూబెల్లాకి కలిపి వేసే టీకా) ఏడాది నిండాకే. కానీ దేశం దాటి వెళ్ళే 6 నుంచి 11 నెలల పిల్లలకి ఒక డోసు ముందుగా వేయించమని సీడీసీ (అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ) చెబుతుంది. మెక్సికో రేవులో దిగితే మీరూ దేశం దాటినట్టే. కనీసం రెండు వారాల ముందు వేయించండి. ఈ డోసు లెక్కలోకి రాదు, ఏడాది నిండాక మామూలు రెండు డోసులూ వెయ్యాల్సిందే. డాక్టరు "వెళ్ళొచ్చు" అన్నారు సరే, ఈ ముక్క విడిగా అడిగారా?

ఇక నోరోవైరస్. ఓడలో 3 శాతం మంది ప్రయాణికులో సిబ్బందో వాంతులు, విరేచనాలు అని రిపోర్ట్ చేస్తే సీడీసీ ఆ ఓడ పేరు బయటపెడుతుంది. అందుకే వార్తల్లో ఎప్పుడూ ఓడలే కనిపిస్తాయి. డేకేర్‌లో వస్తే పేపర్లో వెయ్యరు కదా. శానిటైజర్ దాని మీద పెద్దగా పనిచెయ్యదు, సబ్బుతో కడుక్కోవాలి. పాకే వయసు కాబట్టి రూము కార్పెట్ మీద మీ సొంత దుప్పటి పరచండి. డైపర్ వేసే పిల్లల్ని పూల్‌లో దించనివ్వరు, స్విమ్ డైపర్ వేసినా సరే. కొన్ని ఓడల్లో అలాంటి పిల్లల కోసం విడిగా చిన్న నీళ్ళ చోటు ఉంటుంది, మీ ఓడలో ఉందేమో కనుక్కోండి.

ఫ్రిస్కో_అమ్మ:
థాంక్యూ నర్సు గారూ, టీకా సంగతి అడగలేదు, రేపే ఫోన్ చేస్తా. పూల్ లేకపోయినా పర్లేదు.

ముక్కుసూటి_మావయ్య:
పూల్ లేదు, ఎండలో తిప్పలేరు, షోలో ఏడిస్తే బయటికి తేవాలి, రేవులో దిగితే స్ట్రోలర్ తొయ్యాలి. మరి పాపకి ఈ ట్రిప్పులో ఏముంది? పిల్ల పేరు చెప్పి పెద్దల సరదా. ఇంకో మాట చెప్పక తప్పదు. 2019 జులైలో సాన్ హువాన్ రేవులో ఆగి ఉన్న ఓడలో, 11వ అంతస్తులో తెరిచి ఉన్న కిటికీ దగ్గర తాతయ్య చేతుల్లోంచి జారి 18 నెలల పాప చనిపోయింది. వయసు మళ్ళినవాళ్ళ చేతికి చంటిపిల్లనిచ్చి మీరు తిరుగుతామంటే ఎలా?

ఫ్రిస్కో_అమ్మ:
మావయ్య గారూ, అది చాలా దారుణమైన విషయం, కానీ దాన్ని మా మామగారికి అంటగట్టకండి. ఆయన పాపని ఎత్తుకుంటే మాకంటే జాగ్రత్తగా ఉంటారు. అయినా పాప పడుకునేది వాళ్ళ రూములోనే, దానికి కిటికీనే లేదు.

పసుపుకొమ్ము:
ఒక్క నిమిషం. పాప అత్తగారి రూములోనా? వాళ్ళది ఇన్‌సైడ్ రూమా?

ఫ్రిస్కో_అమ్మ:
అవును, చీకటిగా ఉంటే పాప బాగా పడుకుంటుందని.

పసుపుకొమ్ము:
మరి మీది?

ఫ్రిస్కో_అమ్మ:
బాల్కనీ. దీనికీ నేనడిగినదానికీ సంబంధం ఏంటి?

పసుపుకొమ్ము:
చాలా ఉందండీ. ఇంతసేపూ ఉగ్గు, వైరస్, పూల్ అని కొట్టుకున్నారు. అసలు కథ ఇప్పుడు తెలిసింది. మీరు బాల్కనీలో కూర్చుని సముద్రం చూస్తారు, అరవై దాటినవాళ్ళు కిటికీ లేని గదిలో డైపర్లు మారుస్తారు. మా వదిన కూడా ఇంతే. మా అమ్మని అలాస్కా క్రూయిజ్ అని ఆశపెట్టి తీసుకెళ్ళింది. తిరిగొచ్చాక "మంచుకొండలు ఎలా ఉన్నాయమ్మా" అంటే "పిల్లాడు పడుకున్నప్పుడు కారిడార్ చివర కిటికీలోంచి చూశాను" అంది. అమెరికా తీసుకొచ్చేదీ దీనికే, ఓడెక్కించేదీ దీనికే. ఆయాకి గంటకింత ఇవ్వాలి, అత్తగారైతే ఫ్రీ.

హ్యూస్టన్_హరివిల్లు:
మీ వదిన మీద కోపం ఈవిడ మీద చూపిస్తే ఎలా? మనవరాలితో పడుకోవడం శిక్షా? మా అత్తగారు పిల్లాణ్ణి మా రూముకి పంపమన్నా పంపేవారు కాదు.

పసుపుకొమ్ము:
మీ అత్తగారు పంపలేదో, మీరు అడగలేదో.

ముక్కుసూటి_మావయ్య:
నేను మొదట్నుంచీ అంటున్నది ఇదే.

నైట్‌షిఫ్ట్_నర్సు:
లేదండీ, మీరు మొదట్నుంచీ అంటున్నది ఉగ్గు గురించి.

ఫ్రిస్కో_అమ్మ:
సరే, వినండి. మా అమ్మకి వీసా రిజెక్ట్ అయింది. డెలివరీకి నా పక్కన ఎవరూ లేరు. సిజేరియన్ కుట్లతో నేనే లేచి సీసాలు కడుక్కున్నా. మా ఆయనది ఆన్‌కాల్ ఉద్యోగం, రాత్రి పాప ఏడిస్తే నేను, ఫోన్ మోగితే ఆయన. అత్తగారు వచ్చేసరికి పాపకి నాలుగో నెల. ఆవిడ వచ్చిన రోజు రాత్రి నేను తెల్లారేదాకా పడుకున్నాను, పాప పుట్టాక అదే మొదటిసారి. ఐదు రాత్రులు అలా నిద్రపోదామనుకున్నాను. అది ఆయా ఉద్యోగం ఇవ్వడమైతే అలాగే అనుకోండి. బాల్కనీలో సముద్రం చూడాలని కాదు, మా ఇద్దరికీ ఒక తలుపు కావాలని. మా అమ్మ "వద్దు వద్దు" అంటున్నది కూడా పాప గురించి కాదు, తను రాలేకపోయిన చోటికి వియ్యపురాలు వెళ్తోందని. అది నాకు తెలుసు. మీ అందరికంటే ఎక్కువ తెలుసు.

పసుపుకొమ్ము:
మీ కష్టం కాదనను. కానీ మీ నిద్ర ఆవిడ నిద్రలోంచే కదా వస్తోంది?

కోనసీమ_కుర్రాడు:
మరి పాప నాన్నగారు ఒక రెండు రాత్రులు చూసుకుంటే? ఓడ మీద ఆన్‌కాల్ ఉండదుగా.

లైన్లో_ఉన్నా:
ఇంతసేపటికి ఒకడు సరైన ప్రశ్న అడిగాడు.

తెనాలి_అమ్మమ్మ:
అమ్మాయ్, నేను మా అల్లుడి ట్యాబ్‌లో ఇవన్నీ చదువుతూ ఉంటాను, రాయడం తక్కువ. నేనూ వెళ్ళాను ఈ గాల్వెస్టన్ ఓడలో, మనవడు ఇంకా పాకుతున్నప్పుడు. పసుపుకొమ్ము గారు అన్నంత కష్టమేమీ కాదు. పిల్లాడు పడుకున్నాక లైటు తీసేసి, బాత్రూం తలుపు ఓరగా పెట్టి, ఆ వెలుతురులో విష్ణు సహస్రనామం చదువుకుంటూ కూచునేదాన్ని. అయితే కిటికీ లేని గదిలో పగలో రాత్రో తెలీలేదు, రెండుసార్లు బీపీ మాత్ర వేళ తప్పింది. మీ మామగారికి మాత్రలుంటే ఫోన్లో అలారం పెట్టు. శాకాహారం అయితే ఇండియన్ భోజనం కావాలని ఎక్కకముందే చెప్పు, అక్కడికెళ్ళాక అడిగితే సలాడ్ ఇస్తారు.

నాకు కష్టమనిపించింది ఒక్కటే. ఆ పెద్ద డైనింగ్ హాల్లో తెల్లగుడ్డ పరిచిన టేబుల్ దగ్గర నేనూ మా వారూ ఒక్క పూట కూర్చుని, పిల్లాణ్ణి వాళ్ళు పట్టుకుంటే బాగుండును అనిపించింది. నేను అడగలేదు, వాళ్ళకి తట్టలేదు. మీ అత్తగారికి ఏం కావాలో అడుగు. మీ ఆయన ముందు మాత్రం అడక్కు. కొడుకు ముందు ఏ తల్లీ నాకిది కావాలని చెప్పదు.

ముక్కుసూటి_మావయ్య:
చెప్పారు కదమ్మా పెద్దావిడ. రెండేళ్ళు ఆగితే అందరూ సుఖంగా వెళ్ళొచ్చు.

హ్యూస్టన్_హరివిల్లు:
ఆవిడ ఆగమని ఎక్కడన్నారు? రెండేళ్ళకి మోషన్ సిక్‌నెస్ మొదలవుతుంది, చెప్పాగా. అప్పుడు అత్తగారు వీసా మీద ఇక్కడుండరు కూడా. ఫ్రిస్కో గారూ, ఓడలో 6 నెలలు నిండిన పిల్లల్ని పెట్టుకునే నర్సరీ ఉందేమో చూడండి. కొన్ని ఓడల్లో 6 నుంచి 36 నెలల పిల్లలకి ఉంది, గంటకింతని తీసుకుంటారు. ముందే బుక్ చెయ్యకపోతే స్లాట్లు దొరకవు. రెండు సాయంత్రాలు పెడితే నలుగురూ కలిసి భోంచెయ్యొచ్చు.

నైట్‌షిఫ్ట్_నర్సు:
పాపకి పాస్‌పోర్ట్ ఉందా? అమెరికాలో పుట్టిన పాప కాబట్టి ఎక్కిన రేవుకే తిరిగొచ్చే ట్రిప్పుకి బర్త్ సర్టిఫికెట్ చాలు. కానీ కోజుమెల్‌లో ఆస్పత్రిలో చేరాల్సొచ్చి ఓడ వెళ్ళిపోతే, అక్కణ్ణుంచి విమానం ఎక్కడానికి పాస్‌పోర్ట్ కావాలి. అప్లై చేసేటప్పుడు తల్లీతండ్రీ ఇద్దరూ వెళ్ళాలి, ఇప్పుడే మొదలుపెట్టండి. మిగతా నలుగురికీ వీసా మల్టిపుల్ ఎంట్రీనా, తిరిగొచ్చే తేదీకి చెల్లుతుందా అని చూసుకోండి.

ఫ్రిస్కో_అమ్మ:
టీకాకి అపాయింట్‌మెంట్ తీసుకున్నా, పాస్‌పోర్ట్ ఫారాలు నింపుతున్నా. నిన్న భోజనాల దగ్గర అత్తగారిని అడిగాను. బాల్కనీ వద్దన్నారు, మామగారికి ఎత్తంటే కళ్ళు తిరుగుతాయట. నర్సరీ మాటెత్తితే "ముక్కూ మొహం తెలీనివాళ్ళకి పిల్లనిస్తారా" అని ఒప్పుకోలేదు. పాప తన దగ్గరే పడుకోవాలన్నారు. తనకి ప్రత్యేకంగా ఏమీ అక్కర్లేదు, మేం సంతోషంగా ఉంటే చాలన్నారు. ఇక చాలా?

పసుపుకొమ్ము:
భోజనాల దగ్గర మీ ఆయన కూడా ఉన్నారా?