సర్వేలో "లేదు" అన్నారు, చాయ్ హోటల్ దగ్గర కనబడింది: ప్రాజెక్టులో ఏది రాయాలి?

ప్రశ్న (బి.ఎ. రెండో సంవత్సరం విద్యార్థిని)

సమాజశాస్త్రం ప్రాజెక్టు కోసం మా సొంత ఊళ్ళోనే అంటరానితనం ఇప్పుడు ఏ రూపంలో మిగిలి ఉందో చూడాలనుకుని, ఇరవై ప్రశ్నలతో ఒక ప్రశ్నావళి రాసుకుని అరవై ఇళ్ళు తిరిగాను. "ఊరి హోటళ్ళలో దళితులకు వేరే గ్లాసు పెడతారా?" అన్న ప్రశ్నకు దాదాపు అందరూ లేదనే చెప్పారు. ఎస్సీ వాడలో సైతం "గవన్నీ మా తాతల కాలంల ఉండె బిడ్డా, ఇప్పుడేడున్నయ్" అని ఒక అవ్వ తేల్చేసింది.

సర్వే ముగిసిన సాయంత్రం బస్సు కోసం చాయ్ హోటల్ దగ్గర నిలబడ్డాను. బెంచీ మీద కూర్చున్నవాళ్ళ చేతుల్లో గాజు గ్లాసులున్నాయి. అంతలో వాడ నుంచి ఒక పెద్దాయన వచ్చారు. ఆయన నోరు తెరవకముందే హోటలాయన పేర్చి ఉన్న కాగితపు కప్పుల్లోంచి ఒకటి లాగి చాయ్ పోశాడు. పెద్దాయన బెంచీ వైపు చూడనైనా చూడకుండా వేపచెట్టు కిందికి వెళ్ళి, నిలబడే తాగి, కప్పు నలిపి పారేసి వెళ్ళిపోయారు. నేను అడిగితే "కరోనా కాలం నుంచి గివే వాడుతున్నం" అన్నాడు హోటలాయన. అరవై మంది చెప్పిన మాటను పట్టికగా వేయాలా, లేక నేను ఒక్కసారి చూసినదాన్ని నమ్మాలా?

జవాబు 1 (విశ్రాంత అధ్యాపకుడు)

అమ్మా, ముందుగా ఒక చిన్న సవరణ. ప్రశ్నలు మీరే చదివి, జవాబులు మీరే నింపుకున్నారు కనుక అది ప్రశ్నావళి కాదు, అనుసూచి. పరీక్షలో మార్కు కోసం ఈ మాట చెప్పడం లేదు. జవాబిచ్చే మనిషి ఎదురుగా మీరు కూర్చుని ఉన్నారన్నదే ఇక్కడ అసలు విషయం.

మాటకూ చేతకూ మధ్య ఉండే ఈ దూరాన్ని చూపిన పాత అధ్యయనం ఒకటి ఉంది. అమెరికాలో చైనీయుల పట్ల వివక్ష బాహాటంగా ఉన్న 1930ల తొలినాళ్ళలో రిచర్డ్ లాపియర్ అనే సమాజశాస్త్రవేత్త ఒక చైనా దంపతుల జంటతో కలిసి దేశమంతా తిరిగాడు. వారు వెళ్ళిన 251 హోటళ్ళు, భోజనశాలల్లో ఒక్కచోట మాత్రమే కాదన్నారు. ఆరు నెలల తర్వాత అవే చోట్లకు "చైనీయులను అతిథులుగా అనుమతిస్తారా?" అని ఉత్తరాలు రాస్తే, జవాబిచ్చిన 128 చోట్లలో తొంభై శాతానికి పైగా కుదరదన్నాయి. 1934లో అచ్చయిన ఆ వ్యాసంలో మాట కఠినం, చేత మెత్తన. మీ ఊళ్ళో మాట మెత్తన, చేత వేరు. ఏ వైపు తిరిగినా దూరం దూరమే. అందువల్ల రెండూ రాయండి, రెంటినీ పక్కపక్కన పెట్టండి.

జవాబు 2 (సర్వేల్లో పనిచేసే వ్యక్తి)

సర్ మాటతో చాలావరకు ఏకీభవిస్తాను కానీ, దీన్ని ఆధారంగా చేసుకుని "సర్వేలు అబద్ధాలు, కళ్ళతో చూసిందే నిజం" అని ఎవరైనా అనుకుంటే అది పొరపాటు. లాపియర్ అధ్యయనంలోనూ లోపాలున్నాయి: ఉత్తరానికి జవాబు రాసిన యజమాని, ఆ రోజు గది తాళం ఇచ్చిన గుమాస్తా ఒక్కరేనని చెప్పలేం, పైగా ఆ దంపతుల వెంట చాలాచోట్ల ఒక తెల్ల ప్రొఫెసర్ కూడా ఉన్నాడు.

మీ ప్రశ్న అడిగిన తీరులోనే చిక్కుంది. వేరే గ్లాసు పెట్టడం రాజ్యాంగం 17వ అధికరణ నిషేధించిన ఆచారం, అంటరానితనం నేరాలపై 1955లో వచ్చిన చట్టం ప్రకారం శిక్షార్హమైన నేరం. "మీ ఊళ్ళో నేరం జరుగుతోందా?" అని అడిగితే ఎవరు అవునంటారు? 2011–12లో జరిగిన భారత మానవాభివృద్ధి సర్వేలో నలభై రెండు వేలకు పైగా కుటుంబాలను మొదట "మీ ఇంట్లో ఎవరైనా అంటరానితనం పాటిస్తారా?" అని అడిగారు. లేదన్నవారిని అక్కడితో వదలకుండా, ఎస్సీ వ్యక్తి మీ వంటింట్లోకి వచ్చినా, మీ గిన్నెలు వాడినా ఇబ్బందేమైనా ఉంటుందా అని మళ్ళీ అడిగారు. రెండు ప్రశ్నలూ కలిపి చూస్తే దాదాపు 27 శాతం కుటుంబాలు ఏదో ఒక రూపంలో పాటిస్తున్నట్లు తేలింది. రెండో ప్రశ్నలో అంటరానితనం అన్న మాటే లేదని గమనించండి.

ఇక మీ కాగితపు కప్పు సంగతి. బస్సెక్కే హడావిడిలో ఉన్నవారికి, ఊరికి కొత్తవారికి కూడా అదే కప్పు ఇస్తుండవచ్చు. ఒక్క సాయంత్రం చూసినదాన్ని పట్టుకుని హోటలాయనను దోషిని చేయకండి. వరుసగా కొన్ని రోజులు కూర్చుని ఎవరికి ఏ కప్పు, అడిగి ఇచ్చాడా అడగకుండానే ఇచ్చాడా, తాగినవారు ఎక్కడ నిలబడ్డారు అన్నది గీతలు గీసి లెక్కపెట్టండి. చూపుకూ లెక్క కావాలి.

జవాబు 3 (పరిశోధక విద్యార్థి)

చెల్లీ, మీరు ఎవరి ఇంటి అమ్మాయో రాయలేదు. ఎస్సీ వాడలో అవ్వ "ఇప్పుడేడున్నయ్" అన్నది ఎవరితో? నేను అలాంటి వాడలోనే పుట్టాను. పెద్ద ఇంటి పిల్ల పుస్తకం పట్టుకుని గుమ్మం ముందు నిలబడితే, రేపు ఆ ఇంటి పొలానికే కూలికి వెళ్ళవలసిన మనిషి ఏం చెబుతుందో నాకు తెలుసు. అది అబద్ధం కాదు, జాగ్రత్త.

సమాజశాస్త్రవేత్త ఎం.ఎన్. శ్రీనివాస్ 1948లో మైసూరు ప్రాంతంలోని ఒక గ్రామంలో ఉండి, దానికి రాంపుర అని మారుపేరు పెట్టి రాశారు. పుస్తకాల్లో కనిపించే సమాజం వేరు, క్షేత్రంలో కనిపించే సమాజం వేరని మన దేశంలో గట్టిగా చెప్పినవారిలో ఆయన ముఖ్యులు. 1970లో స్టాన్‌ఫర్డ్‌లో క్షేత్ర నోట్సు నుంచి ఆయన సిద్ధం చేసుకున్న పత్రాలు కాలిపోతే, ప్రధానంగా జ్ఞాపకం మీద ఆధారపడి 1976లో ఆ ఊరి గురించి పుస్తకం తెచ్చారు. తాను బ్రాహ్మణుడు కావడం వల్లా, ఊరి పెద్దకు దగ్గరగా మెలగడం వల్లా ఊరిని పై కులాల వైపు నుంచే ఎక్కువగా చూశానని అందులో ఆయనే ఒప్పుకున్నారు. అంత పెద్దాయనకే తప్పలేదు. మీరు నిలబడిన చోటును ప్రాజెక్టులో దాచకండి. వీలైతే వాడకే చెందిన మీ తరగతి స్నేహితురాలిని వెంటబెట్టుకుని, అవే ప్రశ్నలను ఆమె చేత అడిగించి చూడండి.

ప్రశ్న అడిగినవారు

అన్నా, మీ ఊహ నిజం. మాది ఊళ్ళో భూమి ఉన్న కుటుంబమే. అవ్వ మా పొలంలో పత్తి ఏరింది.

చెప్పినట్టే నోటుబుక్కు పట్టుకుని హోటల్ ఎదుటి అరుగు మీద మూడు ఉదయాలు కూర్చున్నాను. మొదటి రెండు రోజులూ బస్సు ప్రయాణికులకు కాగితపు కప్పులే ఇచ్చారు, ఆ మాట ఒప్పుకోవాలి. అయితే బస్సెక్కని ఊరివాళ్ళలో అడగకుండానే కాగితపు కప్పు అందుకున్నవారంతా ఒకే వాడవారు. వారిలో గాజు గ్లాసు కావాలని నోరు తెరిచి అడిగినవారు ఇద్దరే. ఇద్దరూ పట్నంలో చదువుకుంటున్న అబ్బాయిలు. ఇద్దరికీ ఇచ్చాడు.

మూడో రోజు నేను కూర్చునేసరికి బెంచీ మీద ఒక్క గాజు గ్లాసూ లేదు. సర్పంచి గారితో సహా అందరికీ కాగితపు కప్పులే, నాక్కూడా. ఆ పుటను పడేయాలా?

జవాబు 1 (విశ్రాంత అధ్యాపకుడు)

పడేయకమ్మా. మొదటి రెండు రోజుల లెక్క ఫలితాల అధ్యాయంలో వేయి, మూడో రోజుది, నువ్వు చూస్తున్నావని తెలిసి తీరు మారి ఉండవచ్చు కనుక, పద్ధతుల అధ్యాయంలో తేదీతో సహా వేయి. అడిగి గాజు గ్లాసు తీసుకున్న ఆ అబ్బాయిలిద్దరితో వీలైతే విడిగా కూర్చుని మాట్లాడు.