మనవడితో ఆడేటప్పుడు తాత కావాలని ఓడిపోవాలా?

ఘాట్‌రోడ్డు తాత (తిరుపతి):
అందరికీ నమస్కారం. కొండ మీదికి ముప్పై ఏళ్లు బస్సు తోలి రిటైరయ్యాను. మా మనవడికి ఏడేళ్లు, బెంగళూరులో చదువుతాడు, ఎండాకాలం సెలవులకు ఇరవై రోజులు మా దగ్గరుంటాడు. వాడి చేతిలో ఫోను పక్కన పెట్టించాలని వరండాలో సుద్దముక్కతో పులిమేక గీసి నేర్పించాను. పులులు మూడు గులకరాళ్లు, మేకలు చింతగింజలు. పులులు నావి, మేకలు వాడివి. నాలుగు రోజులు వరసగా నేనే గెలిచాను. ఐదో రోజు గింజలన్నీ విసిరికొట్టి ఏడుస్తూ లోపలికి పోయాడు. మా కోడలు బయటికొచ్చి "ఒక్కసారి ఓడిపోతే మీకేం పోతుంది మామయ్యా" అంది. ఆ మాట నాకు గుచ్చుకుంది. ఓటమి ఇంట్లో అలవాటు కాకపోతే రేపు బయట ఎట్లా తట్టుకుంటాడు? మీరు చెప్పండి, పిల్లలతో ఆడేటప్పుడు కావాలని ఓడిపోతారా?

కొర్లగుంట కుర్రోడు:
ఏడేళ్ల పిల్లాడి మీద వరసగా నాలుగు రోజులు గెలిచారంటే శాలువా కప్పాల్సిందే సామీ.

మూడుపులులు (పుత్తూరు):
అన్నా, ఒక్క ప్రశ్న. పిల్లాడు పదిహేను మేకలూ పెట్టేశాకే జరిపాడా, మధ్యలోనే జరిపాడా? మేకలన్నీ లోపలికి వచ్చేదాకా ఒక్కదాన్నీ జరపకూడదు. పులి మాత్రం మొదటి నుంచీ తిరగొచ్చు, మేక వెనక చోటు ఖాళీగా ఉంటే దూకి చంపొచ్చు. ముందు ఇది తేలాలి.

ఘాట్‌రోడ్డు తాత:
మధ్యలో జరిపాడు. చిన్నపిల్లాడు గదా అని వదిలేశాను.

మూడుపులులు:
అదీ సంగతి! మీరు సాయం చేశాననుకున్నారు. మేక ముందే కదిలితే దాని చోటు ఖాళీ అవుతుంది, పులికి కావాల్సింది అదే. వాడు ఓడిపోలేదన్నా, అసలు ఆటే జరగలేదు.

నగరి కోడలు:
నేనూ ఒక ఇంటి కోడలినే, కాబట్టి అటువైపు నుంచి చెబుతాను. మా మామయ్య మా పాపతో అష్టాచమ్మా ఆడతారు. నాలుగు గవ్వలూ వెల్లకిలా పడితే చమ్మా, బోర్లా పడితే అష్టా, అది తాత చేతిలోనూ లేదు మనవరాలి చేతిలోనూ లేదు. మా పాప సగం ఆటలు నిజంగానే గెలుస్తుంది, ఎవరూ నటించక్కర్లేదు. పులిమేకలో అంతా బుర్రే. అరవై దాటిన బుర్రకూ ఏడేళ్ల బుర్రకూ పోటీ ఏమిటి పెదనాన్నా? పోనీ పులులు వాడికిచ్చి మేకలు మీరు తీసుకోవచ్చు కదా. పులికి దూకడం వస్తే చాలు, మేకలతో దాన్ని కదలకుండా చుట్టేసి కట్టెయ్యాలంటే చాలా ముందుచూపు కావాలి.

ఘాట్‌రోడ్డు తాత:
అదీ చెప్పి చూశానమ్మా. పులి మేకల్ని తింటుంది, నేను మేకల్నే కాపాడతాను అన్నాడు. ఇంకో మాట. మా నాయన నాతో ఆడినన్నాళ్లూ ఒక్కసారి కూడా ఓడిపోలేదు. పదమూడో ఏట ఆయన మూడు పులుల్నీ నేను కట్టేశాను. ఆ సాయంత్రం కనిపించిన ప్రతివాడికీ చెప్పుకున్నాడు మా వాడు నన్ను ఓడించాడని. ఆయన అంతకుముందు నాలుగుసార్లు ఊరికే ఓడిపోయుంటే ఆ రోజుకు విలువేముంటుంది?

పలమనేరు పాలబండి:
ఈ ఆటల గొడవ ఎందుకు, జూకు తీసుకుపోండి. అలిపిరి దగ్గర సైన్స్ సెంటర్ కూడా ఉంది. లేదంటే మెట్లదారిలో నడిపించండి, ఒంటికీ మంచిది పుణ్యం కూడా.

నగరి కోడలు:
మెట్లయితే తెల్లవారే బయల్దేరండి. 2023 ఆగస్టులో ఆ దారిలో చిరుత ఆరేళ్ల పాపను చంపేశాక, పదిహేనేళ్లలోపు పిల్లల్ని మధ్యాహ్నం రెండు దాటితే పంపకూడదని అప్పట్లో నిబంధన పెట్టారు. పైగా మూడువేల ఐదువందల పైచిలుకు మెట్లు. పిల్లాడు ఎక్కేస్తాడు, చూసుకోవాల్సింది తాత మోకాళ్లే.

కొర్లగుంట కుర్రోడు:
మే నెలలో వస్తే తిరుపతి గంగమ్మ జాతర ఉంది కదా! మా తాత నాకు మూడేళ్లు వరసగా వేషం కట్టించాడు. బైరాగి వేషానికి తెల్లసుద్ద, బండ వేషానికి కుంకుమ, తోటి వేషానికి బొగ్గు. ఒళ్లంతా బొగ్గు పూసుకుని వేపమండలు కట్టుకుని తాతయ్యగుంట గుడిదాకా పోయేవాళ్లం, దారి పొడుగునా ఆయన కథలు చెప్పేవాడు. అందులో గెలుపూ ఓటమీ ఏం లేవు, సాయంత్రం ఆ బొగ్గు కడగాల్సిన మా అవ్వకు తప్ప.

పాకాల అవ్వ:
అవ్వ మాట వచ్చింది గనక అడుగుతున్నాను. ఇంతసేపు అంతా చదివాను, పులులు, గవ్వలు, జూ, జాతర. ఆ పిల్లాడు విసిరికొట్టిన చింతగింజలు ఎవరు ఏరారు? తాత ఆ సంగతి రాయలేదు. మా కూతురూ అల్లుడూ చెన్నైలో ఉద్యోగాలు, ఇద్దరు పిల్లలూ ఏడాదంతా పాకాలలో నా దగ్గరే. తెల్లారి ఐదింటికి లేస్తే క్యారియర్లు, బడి, హోంవర్కు, మధ్యలో ఎవరికో ఒకరికి జ్వరం, రాత్రి పదైతే గానీ నడుం వాల్చను. మా ఆయన సాయంత్రం ఒక గంట బొంగరం తిప్పి చూపిస్తాడు. ఎవరంటే ఇష్టమని పిల్లల్ని అడగండి, తాత అంటారు. నేను 'పళ్లు తోముకో' అనే మనిషిని.

ఘాట్‌రోడ్డు తాత:
అమ్మా, నేను అడిగింది ఓడిపోవాలా వద్దా అని. ఎవరు ఏరారని కాదు.

పాకాల అవ్వ:
ఎవరు ఏరారు?

ఘాట్‌రోడ్డు తాత:
మా ఆవిడ. అయితే ఏమిటంట?

పాకాల అవ్వ:
ఏం లేదు. తెలుసుకుందామని.

ఘాట్‌రోడ్డు తాత:
ఎగతాళి చేయడం చాలా తేలిక. మీకు మనవలు ఏడాదంతా కళ్ల ముందున్నారు, దాన్ని పెద్ద కష్టంలాగా చెప్పుకుంటున్నారు. నాకిచ్చేది ఇరవై రోజులు. అందులో కోడలు పుట్టింటికి ఐదు రోజులు పోతే మిగిలింది పదిహేను. ఈ పదిహేను రోజుల్లో వాడికి నా దగ్గరున్నది ఏదో ఒకటి నేర్పాలనుకోవడం తప్పా?

పాకాల అవ్వ:
పదిహేను రోజుల కోసం వచ్చినవాణ్ని ఐదు రోజుల్లో ఏడిపించారు కదా! కళ్ల ముందున్నారంట. నిజమే, కళ్ల ముందే ఉన్నారు, పక్కకు చూసే తీరిక లేకుండా. సరదా అంతా వచ్చిపోయే పిల్లలున్న ఇంట్లో, చాకిరీ ఉండిపోయే పిల్లలున్న ఇంట్లో. నాకూ ఇరవై రోజులే పంపమనండి, పూటకో ఆట ఆడి అన్నిట్లోనూ ఓడిపోతాను.

మూడుపులులు:
మేకలు పదిహేనే పెట్టారు కదా? కొందరు పదహారంటారు, మా తాత ఒప్పుకునేవాడు కాదు.

కొర్లగుంట కుర్రోడు:
నువ్వు కాసేపు ఆగన్నా.

నగరి కోడలు:
పెదనాన్నా, తప్పుగా అనుకోవద్దు. మొదటి నుంచీ కోడలి మాటే చెబుతున్నారు. ఇంట్లో మీ అబ్బాయి లేడా? తను ఏమన్నాడు?

ఘాట్‌రోడ్డు తాత (మర్నాడు):
ఉన్నాడు. వాళ్లను దించడానికి వచ్చి వారం సెలవు పెట్టి ఆగాడు. కోడలు ఆ మాట అన్నాక వాడు లోపలి నుంచే "నాతో అయితే ఓడిపోవడానికి కూడా కూర్చోలేదులే" అన్నాడు. అది రాయబుద్ధి కాక కోడలి మాట రాశాను. వాడన్నది అబద్ధమేం కాదు. తెల్లవారుజామున మొదటి ట్రిప్పు, బ్రహ్మోత్సవాలొస్తే ఇల్లన్న సంగతే గుర్తుండేది కాదు. ఆ మలుపుల్లో కన్ను పక్కకు తిప్పితే బస్సులో ఉన్న యాభై మంది ఏమవుతారు? ఇంటికొచ్చేసరికి మెడ పట్టేసేది. వాడు గోళీల డబ్బా పట్టుకుని గడప దగ్గర నిలబడేవాడు, పడుకోనీరా అనేవాణ్ని. డబ్బా కూడా గుర్తుంది నాకు, నీలం రంగు మూత.

పాకాల అవ్వ:
నిన్న కోపంలో గట్టిగానే అన్నాను అన్నా. మా ఆయనదీ అదే కథ, ఆయనది రైస్‌మిల్లు. మొన్న వీడియో కాల్‌లో ఆయన పిల్లలకు బొంగరం తిప్పుతుంటే చూసి మా అమ్మాయి "నాన్నకు బొంగరం తిప్పడం వచ్చా?" అని అడిగింది నన్ను. ఆయన విన్నాడో లేదో తెలియదు, నేనూ అడగలేదు. అయినా గింజలు ఏరాల్సింది మాత్రం మీరే.

కొర్లగుంట కుర్రోడు:
మళ్లీ ఆడారా సామీ?

ఘాట్‌రోడ్డు తాత (నాలుగు రోజుల తరవాత):
ఆడాం. మా అబ్బాయి ఊరికి పోయే ముందు రోజు వాణ్ని కూడా కూర్చోబెట్టాను. తండ్రీ కొడుకులు ఒకవైపు, వాళ్లవి మేకలు. నేను కావాలని ఓడిపోలేదు, అది మాత్రం రాసుకోండి. గెలవనూ లేదు. రెండు పులుల్ని కట్టేశాక కరెంటు పోయింది, దోమలకు తట్టుకోలేక లేచిపోయాం. మూడో పులి కూడా దొరికేదేనని మా అబ్బాయి వాదన, ఇంకా ఫోనులో వాదిస్తూనే ఉన్నాడు. మనవడూ కోడలూ ఈ రోజు ఆమె పుట్టింటికి పోయారు. గులకరాళ్లు మూడూ వాడే జేబులో వేసుకుపోయాడంట, మేకలు మాత్రం డబ్బాలో ఉన్నాయి.

మూడుపులులు:
లెక్కపెట్టన్నా. పదిహేనుండాలి.

ఘాట్‌రోడ్డు తాత:
పద్నాలుగే ఉన్నాయి. మంచం కింద చూస్తా.