రాజీనామా రాసిస్తే రెండు నెలల జీతం అంటున్నారు. ఇంకేమైనా అడగొచ్చా?

గచ్చిబౌలి_గోపి: సర్వీసు 4 ఏళ్ల 10 నెలలు. నిన్న మీటింగ్ రూములో కూర్చోబెట్టి, "వ్యక్తిగత కారణాల వల్ల మానేస్తున్నానని మెయిల్ పెట్టండి, రెండు నెలల జీతం ఒకేసారి ఇస్తాం, శుక్రవారమే ఆఖరి రోజు" అన్నారు. బేసిక్ 52 వేలు.

పాత_హెచ్చార్: డబ్బు పెంచమంటే పైనుంచి అప్రూవల్ రాలేదంటారు. తేదీ అడగండి. అదే డబ్బును నోటీసు జీతంగా నెలనెలా ఇస్తూ రెండు నెలలు రోల్స్‌లో ఉంచమనండి. అయిదేళ్లు నిండుతాయి. అప్పుడు గ్రాట్యుటీ (ఎక్కువకాలం పనిచేసి మానేసేవారికి కంపెనీ ఇచ్చే మొత్తం) వస్తుంది. అది 52,000 × 15 ÷ 26, అంటే ఏడాదికి 30 వేలు, మొత్తం లక్షన్నర. ఆరోగ్య బీమా కూడా అప్పటిదాకా నడుస్తుంది.

కూకట్‌పల్లి_కుర్రాడు: అయిదేళ్లు అక్కర్లేదండీ. 4 ఏళ్ల 240 రోజులు చాలని మద్రాసు హైకోర్టు తీర్పుంది.

లెక్కల_మాస్టారు: వారానికి అయిదు రోజుల ఆఫీసైతే 240 కాదు, 190.

కూకట్‌పల్లి_కుర్రాడు: 240 అనే అందరూ అంటారు.

లెక్కల_మాస్టారు: అందరూ అంటే చట్టం మారదు బాబూ. చదివి రా.

మణికొండ_అక్క: ఆయనకు 300 దాటాయి, ఏదైతేనేం! పైగా మా ఆఫీసులో ఆ లెక్కే ఒప్పుకోలేదు, అయిదు నిండాల్సిందే అన్నారు. కోర్టు చుట్టూ తిరిగే ఓపిక ఎవరికుంది?

సంతకం_పెట్టను: అసలు రాజీనామా ఎందుకు రాయాలి? తీసేస్తే తీసేశామని వాళ్లనే రాసివ్వమనండి. వర్క్‌మన్ (మేనేజరు స్థాయి కాని ఉద్యోగి) కిందకొస్తే నెల నోటీసు, ఏడాదికి పదిహేను రోజుల జీతం వాళ్లే ఇవ్వాలి.

పాత_హెచ్చార్: "మీరు టీమ్ లీడ్, వర్క్‌మన్ కారు" అంటారు వాళ్లు. అక్కడే ఏడాది గడుస్తుంది. మీకేం వచ్చింది చెప్పండి?

సంతకం_పెట్టను: ఏమీ రాలేదు. ఆ సాయంత్రమే లాప్‌టాప్ లాక్ చేశారు. రిలీవింగ్ లెటర్‌కి ఏడు నెలలు తిప్పారు. అయినా వాళ్ల అబద్ధం నా పేరు మీద లేదు. ఆ మెయిళ్లు రాసిచ్చేది మీ హెచ్చార్లే కదా, మీకెలా తెలుస్తుంది?

పాత_హెచ్చార్: అవును, నేనే రాసిచ్చేదాన్ని. కాపీ పేస్ట్, పేరొక్కటే మార్చేదాన్ని. చివరికి నా పేరుతోనూ ఒకటి వచ్చింది, కామా కూడా మారలేదు. పెట్టేశాను. జూన్‌లో పాప ఫీజు కట్టాలి.

సంతకం_పెట్టను: ...సారీ అండీ.

లెక్కల_మాస్టారు: ఇంతకీ 190 అని ఒప్పుకున్నట్టేనా?

గచ్చిబౌలి_గోపి: ఇవాళ అడిగాను. తేదీకి సరేనన్నారు. "వ్యక్తిగత కారణాలు" మాత్రం తీయమన్నారు... అంటే నేను తీసేయమన్నాను, వాళ్లు కుదరదన్నారు. మెయిల్ ఇంకా డ్రాఫ్ట్‌లోనే ఉంది.