అప్‌డేట్: మేడ మీది గదికి వైఫై అందింది

కావలిలోని మా ఇంట్లో, కింద ముందుగదిలో ఉన్న రౌటర్ సిగ్నల్ మేడ మీది గదికి అందడం లేదని గతవారం అడిగాను. మీరు అనుమానించినట్టే తప్పు రౌటర్‌ది కాదు. దానిని ఇనుప బీరువా వెనుక, నేలకు జానెడు ఎత్తున పెట్టిన నాది. పొడవైన కేబుల్ కొని, రౌటర్‌ను మెట్ల దగ్గర గోడకు ఆరడుగుల ఎత్తున బిగించాను. యాంటెన్నా సిగ్నల్ దాని కొన నుంచి కాక, చుట్టూ పక్కలకు చిల్లుగారె ఆకారంలో వ్యాపిస్తుందని మీరు వివరించిన మీదట, రౌటర్ యాంటెన్నాల్లో ఒకదానిని నిలువుగా ఉంచి, రెండవదానిని పైఅంతస్తు కోసం అడ్డంగా వంచాను. మేడ మీది గదిలో ఫోను సిగ్నల్ బలం మైనస్ 82 డీబీఎం (ఈ అంకె సున్నాకు దగ్గరైన కొద్దీ సిగ్నల్ బలమైనట్టు) చూపిన చోట ఇప్పుడు మైనస్ 64 చూపుతోంది. రౌటర్ ఇచ్చే రెండు వైఫై బ్యాండ్లలో, స్లాబు దాటడానికి 5 గిగాహెర్ట్జ్ కంటే 2.4 గిగాహెర్ట్జే నయం. పెరటి వేపచెట్టు కిందికి మాత్రం ఇంకా అందడం లేదు. అక్కడ మా నాన్నగారు పేపరే చదువుతారు కనుక దాని జోలికి పోలేదు.